టీవీ మీద ఎర్ర టేపు

ఐలయ్య ఎవరినీ నమ్మడు. ఇది చాటుమాటుగా చెబుతున్న సంగతి కాదు, అతని ముఖం మీదే వందసార్లు అన్నాను. మెదక్ బస్టాండు వెనక సందులో అతనికి మోటారు వైండింగు షాపు ఉంది. కరెంటు లేదని ఊరంతా చెప్పినా సరే, టెస్టరు పెట్టి చూసుకుంటే గానీ వైరు ముట్టుకోడు. రైతు ఎవరైనా వచ్చి మోటరు కాలిపోయిందంటే, "కాలిందని నీకెవలు చెప్పిండ్రు?" అని ఎదురు అడుగుతాడు. పెళ్లిచూపులకు నిజాంపేట వెళ్లినప్పుడు పిల్లకంటే ముందు ఆ ఇంటి కరెంటు మీటరు చూశాడని అతని భార్య సుశీల ఇప్పటికీ దెప్పుతుంది.

ఇలాంటి మనిషి అంపైరు కాక ఇంకేమవుతాడు? ముప్పై ఏళ్లుగా మా చుట్టుపక్కల ఏ టోర్నమెంటు జరిగినా గ్రౌండులో ఒక కొసన ఐలయ్య ఉంటాడు, టెంటులో స్కోరు పుస్తకంతో నేను ఉంటాను. నా పేరు ప్రభుదాసు, నాకు జిరాక్సు షాపు ఉంది. అంపైరింగుకు అతనికి ఎవరూ ఇచ్చేదేమీ లేదు, రెండు చాయలు, ఒక పులిహోర పొట్లం తప్ప. అయినా టోర్నమెంటు పెట్టేవాళ్లు ముందు అతని షాపుకే వచ్చి డేటు అడిగేవారు. ఐలయ్య వేలెత్తితే బ్యాటు చంకలో పెట్టుకుని వెళ్లిపోవడమే. తిట్టుకునేవాళ్లు తిట్టుకునేవారు గానీ, అమ్ముడుపోయాడని మాత్రం ఎవరూ అనలేదు. ఆ ఒక్క మాట పడకపోవడమే అతని ఆస్తి. దాన్ని చూసుకుని కొంచెం ఎక్కువే మురిసేవాడని కూడా నేను చెప్పాలి.

టీవీలో క్రికెట్ చూస్తే మాత్రం అతనికి ఒళ్లు మండేది. మా షాపులో చిన్న టీవీ ఉంది. ఎల్బీడబ్ల్యూ రివ్యూ వచ్చిందంటే స్టూలు ముందుకు జరుపుకుని కూర్చునేవాడు.

"బంతి ప్యాడుకు తాకి ఆగింది. ఆగినంక యాడికి పోతదో గీత గీసేటోడెవడు? కంప్యూటరంటవు. దానికి గియ్యమని నేర్పినోడు మనిషే గదా?"

"తప్పులు తగ్గినయా లేదా?" అని నేను.

"తగ్గినయి. తప్పు చేసినోన్ని పదిసార్లు మెల్లగ తిప్పి ఊరంతటికి చూపెట్టుడు పెరిగింది."

పెద్ద మ్యాచుల అంపైర్లు రనౌటు అనగానే గాలిలో వేలితో డబ్బా గీసి టీవీకి వదిలేస్తారు కదా, అది చూస్తే మరీ మండిపడేవాడు. వికెట్ పక్కనే నిలబడి చూసినవాడు చెప్పలేనిది ఏసీ గదిలో కూర్చున్నవాడు చెబుతాడా అని. స్టంపుల్లో మైకులు, బెయిల్సులో లైట్లు, ఒక్క బంతికి ముప్పై కెమెరాలు, ఇవన్నీ ఆట కోసం కాదని, మనిషి మీద మనిషికి నమ్మకం పోయినందుకని అనేవాడు. ఎవరినీ నమ్మని ఐలయ్య నోట ఈ మాట వింటే నాకు నవ్వొచ్చేది.

ఈ ఏడాది ఆ టీవీ మా కాలేజీ గ్రౌండుకే వచ్చింది.

టోర్నమెంటు పెట్టింది మదన్ మోహన్ గారు. పెద్ద వ్యవసాయ కుటుంబం, ఇప్పుడు వ్యాపారం, రాజకీయం రెండూ ఉన్నాయి. మ్యాచులన్నీ యూట్యూబులో లైవు ఇవ్వాలని పెళ్లిళ్ల వీడియోలు తీసే చంద్రికను పెట్టుకున్నారు. ఆమె కాలేజీ బిల్డింగు వైపు వికెట్‌కు సరిగ్గా పక్కన ఒక పొడవాటి బొంగు పాతి, దాని మీద ఫోను కట్టింది. ఆ ఫోను చూసేదంతా టెంటులోని పెద్ద టీవీలో కనిపిస్తుంది. ఆ వైపు రనౌటు మీద అనుమానముంటే ఒక్కో టీముకు రెండుసార్లు టీవీ చూడమని అడిగే వీలుంది. చూసి తీర్పు చెప్పేది మదన్ మోహన్ గారే. క్రికెట్‌లో అంపైర్లు కొసలు మారరు, ఎవరి వికెట్ వారిదే. కాలేజీ వైపు వికెట్ ఎప్పటినుంచో ఐలయ్యది.

"నా కొసకే ఎందుకు పెట్టిండ్రు ఫోను?" అని ఐలయ్య నన్ను నిలదీశాడు.

"చంద్రిక ప్లగ్గు ఆ దిక్కే ఉన్నదట."

"ప్లగ్గు కాదు. నా మీద నిఘా."

సెమీఫైనల్ నాడు పొద్దున ఒక చిక్కొచ్చింది. మాది మ్యాటు మీద ఆట. నేల మీద కొబ్బరిపీచు చాప పరిచి, చుట్టూ మేకులు దిగ్గొడతాం. క్రీజు గీత ఆ చాప మీదే తెల్ల రంగుతో వేసి ఉంటుంది. ఎండకు, ఇంటర్నెట్ సరిగా లేక, ఆ తెల్ల గీత టీవీలో కనిపించడం లేదు. చంద్రిక బుర్ర చురుకైనది. ఐలయ్యను గీత మీద బ్యాటు నిలబెట్టమంది. టీవీలో ఆ బ్యాటు ఎక్కడ కనిపించిందో అక్కడ, అద్దం మీద పైనుంచి కిందికి ఒక ఎర్ర టేపు అంటించింది. టేపు దాటితే లోపల, దాటకపోతే ఔటు. ఆ టేపు కూడా ఐలయ్య జేబులోదే, మోటార్లకు చుట్టే ఇన్సులేషన్ టేపు.

"దీంతోని వైర్లు చుడుతరు గని ఔటిస్తరా చెల్లె?" అన్నాడతను.

"ఫోను కదలది, టీవీ కదలది. ఇంక అనుమానమెందుకన్నా మీకు?" అంది ఆమె. మేమందరం సరేననుకున్నాం.

కౌడిపల్లి టీము ముందు ఆడి నూట నలభై రెండు కొట్టింది. మధ్యాహ్నం అన్నాలకు ఆపారు. నేను పొట్లం విప్పుతుండగా ఐలయ్య గొంతు వినిపించింది. బౌలర్ల కాళ్ల తొక్కుడుకు చాప ముడతపడిందని, ఎవరైనా కాలు తట్టుకుని పడతారని, ఆటగాళ్లను కేకేసి అవతలి కొస నుంచి బిగించి లాగిస్తున్నాడు. మేకులు మళ్లీ కొట్టించాడు. తినకుండా ఈ చాదస్తమేమిటని నాకు విసుగొచ్చింది. టెంటులో అందరం తినడంలోనే ఉన్నాం.

తర్వాత నిజాంపేట బ్యాటింగు. వాళ్లకు ఎల్లేష్ అనే కుర్రాడున్నాడు. మనోహరాబాద్ దిక్కు ఒక కంపెనీలో పనిచేస్తూ, షిఫ్టు ఇంకొకరితో మార్చుకుని ఆడటానికి వచ్చాడు. కొడుతుంటే చూడముచ్చటగా ఉంది. నలభై ఎనిమిది మీదుండగా రెండో పరుగుకు కాలేజీ వైపు వచ్చాడు. బంతి వచ్చింది, కీపరు బెయిల్సు ఎగరగొట్టాడు, ఐలయ్య వేలు లేచింది.

అక్కడ నాకు ఏదో తేడాగా అనిపించింది. ఐలయ్య ఎప్పుడూ ఒక గుటక మింగి గానీ వేలెత్తడు. ఆ గుటక కోసం నేను పెన్ను పట్టుకుని కాచుకునేవాడిని. ఆ రోజు బెయిల్సు కింద పడకముందే వేలు పైనుంది.

"మామా, లోపలున్న!" అని ఎల్లేష్ అరిచాడు. సుశీలది నిజాంపేట కాబట్టి ఆ ఊరి పిల్లలందరికీ ఐలయ్య మామే. టీవీ చూడమన్నారు. మదన్ మోహన్ గారు మూడుసార్లు తిప్పి చూశారు. బ్యాటు ఎర్ర టేపును తాకలేదు. ఔటు.

"టీవీల గూడ చూస్తివి గదా. ఇగ నడువు," అన్నాడు ఐలయ్య. అంత పరుషంగా మాట్లాడటం అతని అలవాటు కాదు.

పద్దెనిమిదో ఓవర్లో అదే వైపు ఇంకో రనౌటు. ఈసారి ఆటగాడు తొమ్మిదో నంబరువాడు, ఏదో నాలుగు పరుగుల మీదున్నాడు. ఐలయ్య వంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టి, గుటక మింగి, తల అడ్డంగా ఊపాడు. నాటౌటు. కౌడిపల్లి వాళ్లు టీవీ అడిగారు. బ్యాటు టేపుకు కొద్ది దూరంలో ఆగిపోయి కనిపించింది. మదన్ మోహన్ గారు ఔటన్నారు. గ్రౌండంతా ఒక్కసారి గోల. "అల్లుడు! అల్లుడు!" అని కౌడిపల్లి నుంచి వచ్చినవాళ్లు చప్పట్లతో పాట కట్టారు. నిజాంపేట ఇరవై రెండు పరుగుల తేడాతో ఓడిపోయింది.

సాయంత్రానికి ఆ రెండో రనౌటు ముక్క కత్తిరించి ఎవరో వాట్సాపులో వదిలారు. పైన "అత్తగారి ఊరికి అల్లుడి కానుక" అని రాశారు. మెల్లగా తిప్పి, ఐలయ్య తల ఊపడం మళ్లీ మళ్లీ వచ్చేలా చేశారు. మా జిరాక్సు షాపుకు ఆధారు కార్డు పట్టుకొచ్చిన ముసలాయన కూడా అది చూశాడు. ఐలయ్య షాపుకు మోటరు తెచ్చినవాళ్లు మోటరు దించకముందే నవ్వడం మొదలుపెట్టారు. అటు నిజాంపేట నుంచి సుశీల తమ్ముడు ఫోను చేసి, మన ఎల్లేష్‌ను బావే ముంచాడని తిట్టాడట. రెండు వైపులా వాయింపే. ఆదివారం ఫైనలు, కౌడిపల్లికీ మెదక్ టీముకూ. ఐలయ్య ఉంటే మేం ఆడమని కౌడిపల్లి వాళ్లు చెప్పేశారు.

ఐలయ్య షాపు ముందు నిలబడి నవ్వుతున్న ఇద్దరిని పట్టుకుని కడిగేశాను.

"అత్తగారి ఊరి మీద గంత ప్రేమ, గంత పావురముంటే ఎల్లేష్‌కు ఔటెందుకిచ్చిండు? ఆ ముక్క ఎందుకు పెట్టలే మీ వాట్సాపుల?"

వాళ్లు ఫోన్లు జేబులో పెట్టుకున్నారు. ఐలయ్య మాత్రం లోపలి నుంచి నా మీదకే ఎగిరాడు.

"దాసూ, ఆ ముచ్చట తియ్యకు!"

"నీ తరఫున మాట్లాడుతున్ననయ్యా!"

"వద్దన్ననా? తియ్యకు."

ఆ రోజు నుంచి నా మనసులో పురుగు తొలవడం మొదలైంది. తనకు అనుకూలంగా ఉన్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని మనిషి ఎందుకు వద్దంటాడు? కౌడిపల్లి వాళ్లతో ఏదైనా మాటయిందా? ముందు ఎల్లేష్‌ను పంపించి, తర్వాత పనికిరాని తొమ్మిదో నంబరువాడికి నాటౌటిచ్చి లెక్క సరిచేశాడా? ముప్పై ఏళ్ల స్నేహితుడి గురించి ఇలా ఆలోచించినందుకు నాకు సిగ్గేసింది. ఆలోచించడం మాత్రం మానలేదు. "రెండు రనౌట్లు నిజంగ చూసినవా?" అని అడిగాను. "రెండోది కండ్లార చూసిన," అన్నాడు. మొదటిదాని గురించి చెప్పలేదు.

గురువారం పొద్దున నడకకు గ్రౌండుకు వెళ్లాను. కాలేజీ వైపు వికెట్ దగ్గర ఒక మనిషి మోకాళ్ల మీద కూర్చుని చాప అంచు ఎత్తి ఏదో చేస్తున్నాడు. ఐలయ్యే. చాప జరుపుతున్నాడు, సాక్ష్యం తారుమారు చేస్తున్నాడు అనుకున్నాను. అరుద్దామని నోరు తెరిచేలోపు అతనే నన్ను చూశాడు.

"దాసూ, ఉరికిరా! గీడ చూడు!"

చాప అంచుకు బయట, నేలలో వరసగా మేకుల రంధ్రాలున్నాయి. సెమీఫైనల్ నాడు పొద్దున కొట్టిన మేకులవి. ఇప్పుడున్న మేకులు వాటికి నాలుగు వేళ్లు ఇవతల, పిచ్ మధ్య వైపు ఉన్నాయి.

"అన్నాల యాళ్లకు నేను చాప గుంజిపిచ్చిన గదా. చాపతోని గీత గూడ జరిగింది. టీవీ మీది టేపు జరగలే. అన్నాల తర్వాత టీవీ చూసినయన్ని తప్పు గీతకే చూసిండ్రు!"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నా తల నేనే కొట్టుకోవాలనిపించింది. ఫోను కదలదు, టీవీ కదలదు అన్నాం. కదిలే చాపను అందరం మరిచాం.

నేరుగా చంద్రిక స్టూడియోకు వెళ్లాం. టీవీకి వచ్చింది నెట్ బొమ్మ, మసక. ఫోనులో దాచిన అసలు వీడియో వేరే ఉంటుందని, అది శుభ్రంగా ఉంటుందని ఆమె చెప్పింది. కంప్యూటరులో పెట్టి పెద్దది చేసింది. చాప మీద తెల్ల గీత సన్నగానైనా కనబడింది. తొమ్మిదో నంబరువాడి బ్యాటు గీత దాటి రెండు వేళ్లు లోపలుంది. నాటౌటు. ఐలయ్య చెప్పిందే సరి.

నేను గట్టిగా చరిచాను అతని వీపు మీద. అతను మాత్రం నవ్వలేదు.

"మొదటిది గూడ పెట్టు చెల్లె," అన్నాడు.

చంద్రిక పెట్టింది. ఎల్లేష్ బ్యాటు గీత దాటాక రెండు ఫ్రేముల తర్వాత బెయిల్సు లేచాయి. వాడు కూడా లోపలే ఉన్నాడు. ఐలయ్య కంప్యూటరు వైపు చూడటం మానేసి కిటికీలోంచి రోడ్డు వైపు చూశాడు. ఆ ముఖంలో ఆశ్చర్యం లేదు. అదే నాకు మింగుడు పడలేదు.

కబురందుకుని మదన్ మోహన్ గారు వచ్చారు. రెండు ముక్కలూ చూసి తలుపు దగ్గరగా వేశారు.

"ఐలయ్యా, రెండోది ఇయ్యాలనే లైవుల పెడదం. టీవీ తప్పు, నీది కాదు. నీ పేరు నిలబడతది. ఆ తొమ్మిదో నంబరోడు ఉన్నా నిజాంపేటోళ్లు గెలిచేటోళ్లు కాదు, కౌడిపల్లోళ్లు గూడ ఏమనరు. ఫైనల్ల నువ్వే నిలబడు."

"మొదటిది సారూ?"

"దాన్ని కదిలియ్యకు. ఎల్లేష్ ఉంటే నిజాంపేట గెలుస్తుండె అని అందరికి తెలుసు. మళ్లా ఆడిపియ్యమని ఊరు ఊరంత వచ్చి కూసుంటది. దాని గురించి నిన్ను ఎవరన్న అడిగిండ్రా? టీవీ గూడ ఔటే అన్నది గదా?"

నేను ఒప్పుకోమన్నాను. దాచడానికేమీ లేదు, నేనే చెప్పాను: "గమ్మున ఊకోరాదు? నీ మీద మాట పోతది, ఇంకేం గావాలె?" అతను నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

ఆ రోజే రెండో ముక్క లైవులో పెట్టారు. శనివారానికల్లా అల్లుడు పాట ఆగిపోయింది. కౌడిపల్లి వాళ్లు షాపుకు వచ్చి చాయ తాగి, తప్పయిందన్నారు. సుశీల ముఖం తేటపడింది.

ఆదివారం టాస్‌కు ముందు మదన్ మోహన్ గారు మైకులో ఐలయ్యను మెచ్చుకున్నారు. యంత్రం పొరపడినా మన అంపైరు కన్ను పొరపడలేదన్నారు. జనం చప్పట్లు కొట్టారు. శాలువా తెచ్చారు. నిజాంపేట కుర్రాళ్లు కొందరు చూడటానికి వచ్చి తాడు అవతల కూర్చున్నారు, వాళ్లలో ఎల్లేష్ కూడా ఉన్నాడు. ఐలయ్య శాలువా కప్పించుకోలేదు. మైకు తీసుకున్నాడు.

"ఎల్లేషూ, జర ఇట్ల రా బిడ్డా."

వాడు వచ్చాడు, ఎందుకో తెలియక చెప్పులు విడిచి మరీ వచ్చాడు.

"నువ్వు గూడ లోపలున్నవు. వీడియో ఉన్నది, చంద్రిక చూపెడతది."

మదన్ మోహన్ గారు మైకు కోసం చెయ్యి చాపారు. ఐలయ్య ఇవ్వలేదు. తాడు అవతల నిజాంపేట వాళ్లు లేచి నిలబడ్డారు. ఎల్లేష్ మాత్రం నెమ్మదిగానే అడిగాడు.

"పోనీ మామా. టేపు తప్పుంటే నువ్వేం జేస్తవు? టీవీ గూడ ఔటే అన్నది."

"టీవీ తర్వాత చెప్పింది. ముందుగాల ఏలెత్తింది నేను."

"నీకు ఔటు లెక్క కనబడ్డదా మరి?"

ఐలయ్య గుటక మింగాడు.

"నాకేం కనబడలే. నేను చూడలే. నువ్వు ఉరికొస్తుంటే నా కండ్లు గీత మీద లెవ్వు, ఆ బొంగు మీది ఫోను దిక్కున్నయి. నిజాంపేట అల్లుడు నిజాంపేటకే ఇచ్చిండని తిప్పి తిప్పి చూపెడతరని భయమైంది. చూసినోనికి అనుమానమొస్తే నాటౌటియ్యాలె. నేను చూడకనే ఔటిచ్చిన."

ఎల్లేష్ మంచి పిల్లవాడు, ఇంకా ఐలయ్యను వెనకేసుకు రావడానికే చూశాడు.

"నువ్వు నాటౌటిచ్చినా వాళ్లు టీవీ అడుగుతుండ్రి మామా. ఎట్లయినా నేను పోతుంటి."

"పోతుంటివి," అన్నాడు ఐలయ్య. "అప్పుడు తప్పు టేపుది అయితుండె. ఇప్పుడు నాది."

మైకు బల్ల మీద పెట్టి, గ్రౌండు వైపు వెళ్లకుండా నా పక్క కుర్చీలో వచ్చి కూర్చున్నాడు. నేను చెయ్యి పట్టుకోబోతే విదిలించేశాడు, గురువారం నాడు గమ్మున ఊకోమని నేను చెప్పిన మాట మరిచిపోలేదు.